ఉప్పు పెరగదు

ఉప్పు ఎవరు వేస్తారో అందరికీ తెలుసు. ఎప్పుడు వేశారో, ఎక్కడ వేశారో మాత్రం వేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఇప్పలగడ్డ బొగ్గుబాయిలో నడిచిన ఆ విద్యార్థుల ప్రయోగానికి ఉన్న నియమాల్లో ఇది మొదటిది. రెండోది ఇంకా చిన్నది: అడగకూడదు.

ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టుకు కణభౌతికశాస్త్రం ఎంచుకున్నప్పుడు నవనీత ఊహించుకున్నది తెల్లకోట్లు, చల్లటి గదులు, మెరిసే యంత్రాలు. దొరికింది తన సొంతూరి బొగ్గుబాయి. అదీ తండ్రి ఓదెలు రోజూ దిగే బాయే. బాగా చదువుకుని ఈ మసికి దూరంగా పొమ్మని చిన్నప్పటినుంచి పోరుపెట్టిన ఓదెలు, కూతురు హెల్మెట్ పెట్టుకుని తన వెనకే దిగడం చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాడు.

"నేను పదో తరగతి తప్పి దిగిన బాయిల నువ్వు ఎమ్మెస్సీ సదివి దిగినవ్. మస్తు సదివినవ్ బిడ్డా" అన్నాడు.

ఓదెలు పని కప్పుకు దిమ్మెలు ఆనించడం. బాయిలో నాలుగో ప్యానెల్ అనే భాగంలో బొగ్గు తీసిన చోటల్లా పైకప్పు కూలకుండా చూసుకునే ముఠాకు అతనే పెద్ద. ఆ ప్యానెల్‌కు కింద, ఎప్పుడో వదిలేసిన పొరలో పాత పంపుగది ఒకటి ఉంది. ప్యానెల్ నుంచి దానికి ఒక వాలుదారి పోతుంది. విద్యార్థుల ప్లేటు ఆ గదిలోనే ఉండేది. చూడటానికి అది ఇడ్లీ పళ్ళెమంత గాజుబిళ్ళ, అంతే. మొదటి రోజు దాన్ని చూసి ఓదెలు పెదవి విరిచాడు.

"గిదేం జూస్తది?"

"నీ అరచేయి సాపు బాపూ" అంది నవనీత. "పైన ఆకాశం నుంచి ఒక వాన పడుతుంటది. మ్యూయాన్లంటరు. బాయి మీద నిలబడితే నీ అరచేతిలకెల్లి సెకనుకొకటి దూసుకపోతది. ఇక్కడిదాంక వచ్చేసరికి నడుమ రాయి మింగంగ, గంటకు నాలుగో అయిదో మిగుల్తయి."

"నొప్పి లెవ్వదు గద?"

"లెవ్వదు."

"అయితే పోనీయ్" అని ఓదెలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ గంటకు నాలుగైదు చినుకులతో బాయి మీది కొండ లోపలి బొమ్మ గీయాలంటే మామూలు పరికరాలకు నెలలు పడుతుంది. ప్రొఫెసర్ హైమవతి తన ప్రయోగశాలలో స్ఫటికంలా పెంచిన గాజు వేరు. దానిలో పడిన ప్రతి కణం ఒక సన్నని గీత మిగులుస్తుంది. ఏ దిక్కు నుంచి వచ్చిందో, దారిలో ఎంత రాయి దాటి వచ్చిందో రెండూ ఆ గీతే చెబుతుంది. అందుకని ఒక్క షిఫ్టు చాలు. పైనున్న రాతిలో ఎక్కడైనా గుల్ల పడితే, మనిషి ఒళ్ళు ఎక్స్‌రే తీసినట్టు, సాయంత్రానికి తెరమీద కనిపిస్తుంది. బొగ్గుబాయిల్లో కప్పు కూలడానికి ముందు పైన ఎక్కడో రాతిపొరలు విడిపోయి గుల్ల పడుతుంది. దాన్ని ముందే చూడగలిగితే మనుషులు బతుకుతారు. హైమవతి పదేళ్ళు ఆ గాజును పెంచింది అందుకే.

కానీ అంతకుముందు బ్యాచి పిల్లలు లేని గుల్లను చూశారు. ఉత్సాహం కొద్దీ చూశారు. వాళ్ళ మాట నమ్మి మేనేజరు ఒక ప్యానెల్ ఆపించి, పైకి రంధ్రం వేయించాడు. లోపల ఉన్నది గట్టి రాయి. ఇంకోసారి ఇలా జరిగితే మీ గాజుపళ్ళాలు మూట కట్టుకుని వెళ్ళండని ఆయన మర్యాదగానే చెప్పాడు.

ఉప్పు అప్పుడు వచ్చింది. హైమవతిది తెనాలి వైపు. కొత్త బ్యాచిలో ఉన్న ఇద్దర్నీ, అంటే నవనీతనూ హనుమకొండ కుర్రాడు ఫిరోజ్‌నూ, బాయి మీద దీపాలిచ్చే ల్యాంపురూము పక్క గదిలో కూర్చోబెట్టి ఆమె ఇలా చెప్పింది:

"మనిషి కన్ను అబద్ధాలకోరమ్మా. ఏది కావాలనుకుంటే అదే చూస్తుంది. అందుకని ప్లేటు చదివే యంత్రంలో నేను ఎప్పుడో ఒకసారి దొంగ గుల్ల ఒకటి వేస్తాను. దాన్ని ఉప్పంటాం. మీకు కనబడిందల్లా రాసుకుంటూ పోండి. ఏడాది చివర, నేను వేసింది రాసి దాచిన పెట్టె తెరిచి, మీరు చూసింది ఉప్పో రాయో తేల్చుకుందాం. అప్పటిదాకా ఈ బొమ్మల్ని నమ్మి ఎవరూ ఏ పనీ ఆపరు. కంపెనీతో ఒప్పందం అదే. మధ్యలో మీరు నన్ను అడిగితే మాత్రం ఏడాది శ్రమ గంగపాలు. ఈ ఒక్క ఏడు నిలబడితే ప్రతి బాయిలోనూ మన ప్లేటు ఉంటుంది."

ఇద్దరూ తలూపారు. తలూపడం తేలికే.

పని బాగానే సాగింది. రోజు విడిచి రోజు వంతు. పొద్దున దిగి పాత ప్లేటు తీసి కొత్తది పెట్టాలి, కాసేపు లెక్క సరిచూసుకుని, పాతది పైకి తెచ్చి యంత్రానికి ఇవ్వాలి. ఫిరోజ్‌కు కూనిరాగం లేనిదే చెయ్యి కదలదు. పంపుగది గోడలు అతని పాటను పెద్దది చేసి తిరిగి ఇచ్చేవి కాబట్టి తనకు మంచి గొంతు ఉందని అతనొక నిర్ణయానికి వచ్చాడు. ఆ గదిలో గాడిద పాడినా గంధర్వుడే అని నవనీత అనేది. వాలుదారి మొదట్లో ఓదెలు అతనికోసం ఆగి, ఫ్లాస్కులో చాయ్ చెరి సగం పోసేవాడు. పాట విని, "వీడు పాడుతుంటే రూఫ్ గూడ జర గట్టిగ నిలవడతది" అని ముఠాతో అనేవాడు.

చలికాలం మొదట్లో గుల్ల కనబడింది. నాలుగో ప్యానెల్ మీద, కప్పుకు చాలా ఎత్తున, తెరమీద గోరంత మచ్చ.

"ఉప్పు!" అని ఫిరోజ్ బల్ల మీద దరువేశాడు. "దొరికింది మేడమ్ వేసిన ఉప్పు! పా, మిర్చిబజ్జి నేను తినిపిస్త."

నవనీత కూడా సంతోషించింది. దొంగను పట్టుకున్న సంతోషం అది. కనబడిన చోటు రాసుకుని, వెళ్ళి బజ్జీలు తిన్నారు. గేటు దగ్గర ఎదురైన ఓదెలుకు కూడా కూతురు నవ్వుతూ చెప్పింది, "మా మేడమ్ మీ నెత్తిమీద ఉప్పేసింది బాపూ" అని. ఓదెలు టోపీ తీసి తల దులుపుకున్నాడు.

మచ్చ మర్నాడు ఉంది. ఆ మర్నాడూ ఉంది. వారం తిరిగేసరికి గోరంతది బొటనవేలంత అయింది. ఆ తర్వాత దానికొక తోక మొలిచింది.

"పెరుగుతున్నది" అంది నవనీత.

"పెరిగేటట్టేసింది. మేడమ్ అంటే ఏమనుకున్నవ్?" అన్నాడు ఫిరోజ్. అతని గొంతులో నిజమైన మెచ్చుకోలు ఉంది. "మనం గమనిస్తమా లేదా అని జూస్తున్నది."

ఆ మాట సబబుగానే ఉంది. అయినా ఆ సాయంత్రం ఇంట్లో నవనీతకు ముద్ద దిగలేదు. ఎదురుగా ఓదెలు పప్పుచారు పోసుకుని జుర్రుకుంటున్నాడు.

"బాపూ, మీ ప్యానెల్ల రూఫ్ ఎట్లున్నది?"

"ఎట్లుంటది, మంచిగున్నది. గడెతోని పొద్దుగాల కొడితిమి. ఖంగుమన్నది." కప్పు గట్టిగా ఉంటే ఇనుప గడ దెబ్బకు గంటలా మోగుతుంది, వదులైతే పగిలిన కుండలా పలుకుతుంది. బాయిలో అందరికీ తెలిసిన పరీక్ష అది. "ఎందుకట్ల అడిగినవ్?"

"ఊకెనే."

ఊరికే కాదు. గడ దెబ్బ ఎంత ఎత్తు వరకు తెలుస్తుందో ఆమెకు తెలుసు. ఆ మచ్చ దానికి అయిదారింతల ఎత్తున ఉంది. చెబుదామా అనుకుంది. ఏమని చెప్పాలి? ఉప్పయితే బాయి అంతా నవ్వుతుంది, మేనేజరు మూట కట్టమంటాడు, ప్రతి బాయిలోనూ ఉండాల్సిన ప్లేటు ఏ బాయిలోనూ ఉండదు. ఉప్పు కాకపోతే పప్పుచారు జుర్రుకుంటున్న ఈ మనిషి ఉండడు. ఆమెకు భయం వేసింది. ఆ భయంతోనే చెప్పులేసుకుని గెస్ట్‌హౌస్‌కు నడిచింది.

హైమవతి వరండాలో బట్టలు మడతపెట్టుకుంటోంది. నవనీత గేటు దగ్గర ఆగడం చూడగానే ఎందుకొచ్చిందో ఆమెకు అర్థమయింది.

"అడక్కమ్మా" అంది.

"మేడమ్, ఒక్కటే అడుగుతా. నాలుగో ప్యానెల్ మీద..." అని ఆగిపోయింది నవనీత. "అక్కడ మా బాపు ఉంటడు మేడమ్."

హైమవతి చేతిలోని దుప్పటి మడత విప్పి, మళ్ళీ పెట్టింది. అప్పుడు, ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా చెప్పింది.

"నాలుగో ప్యానెల్‌ది నేను వేసిందే. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికెళ్ళి పడుకో."

నవనీత దండం పెట్టినంత పనిచేసి ఇంటికి పరుగెత్తింది.

ఇద్దరూ నియమం తప్పుతున్నామని తెలిసినవాళ్ళే. తప్పక తప్పనప్పుడు ఎంత తక్కువ తప్పితే అంత మంచిదనుకున్నారు. అందుకని ఆమె చోటు మాత్రమే అడిగింది, ఈమె చోటు మాత్రమే చెప్పింది. ఎంతది వేశారు, ఎప్పుడు వేశారు, అది పెరిగేదా అన్న మాటలు ఇద్దరి నోళ్ళలోనూ ఉండిపోయాయి. దొంగతనానికి వెళ్ళి మొహమాటపడటం అంటే ఇదే.

మర్నాడు పొద్దున ల్యాంపురూము ముందు నవనీత సంగతి చెప్పగానే ఫిరోజ్ ఎగిరి గంతేశాడు. అడిగినందుకు తిట్టనైనా తిట్టలేదు. అతన్ని పట్టుకున్నది వేరే కుతూహలం.

"అయితే ఇంకోటి గూడ అడుగు. తోకతోని సహా పెరిగేటట్టు ఉప్పు ఎట్లేసింది? ఆ ప్రోగ్రాం ఎట్ల రాసింది? ఎట్లనన్న నియమం పాయె, ఇది గూడ తెల్సుకో."

"ఇయ్యాల ప్లేటు వంతు నాది."

"నీ వంతు నేను జేస్త. నువ్వు పో, అడుగు. వచ్చినంక చెప్పాలె మరి." కొత్త ప్లేటు పెట్టెను చంకన పెట్టుకుని, కూనిరాగం తీస్తూ అతను దిగిపోయాడు. మొదటి షిఫ్టు అప్పటికే దిగింది.

గెస్ట్‌హౌస్‌లో హైమవతి ఉప్మా తింటోంది. నవనీత ఈసారి బెదరకుండా నవ్వుతూనే అడిగింది.

"మేడమ్, ఫిరోజ్ అడగమన్నడు. ఉప్పు పెరిగేటట్టు ఎట్ల వేసిన్రు?"

"పెరగడమేంటి?"

"వారంల మూడింతలైంది కదా మేడమ్. తోక కూడా వచ్చింది."

హైమవతి చెంచా పళ్ళెంలో పెట్టింది. "నేను వేసింది పెరగదమ్మా" అంది. "గోరంత వేశాను. అంతే ఉంటుంది. ఉప్పు పెరగదు."

ఆ తర్వాత ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోవలసిన అవసరం లేకపోయింది. ఉప్పు వేసిన చోటే, దాని పక్కనే, దాన్ని మింగుతూ నిజం గుల్ల పడింది. ప్యానెళ్ళు చాలా ఉన్నాయి, కొండ చాలా పెద్దది, అలా పడే అవకాశం చాలా తక్కువ. తక్కువని మాత్రమే లెక్క చెప్పింది, పడదని చెప్పలేదు.

మేనేజరు ఫోనులో నిట్టూర్చాడు. "మేడమ్, పోయినసారి కూడా ఇట్లనే అన్నరు. ఈ ఏడాది మీ బొమ్మలను లెక్కలోకి తీసుకోవద్దని మీరే రాసిచ్చిన్రు."

"రాసిచ్చాను. తప్పయింది. మనుషుల్ని తీయించండి" అంది హైమవతి. ఆయన తన తల మీదికి తెచ్చుకోకుండా, ప్యానెల్ ఫోనుకు లైను కలిపాడు. కావాలంటే కింద షిఫ్టును చూసుకునే సర్దార్‌తో మీరే మాట్లాడుకోండన్నాడు. నవనీత రిసీవర్ లాక్కుని తండ్రిని పిలవమంది.

"ఏంది బిడ్డా?" ఓదెలు గొంతు దూరం నుంచి వచ్చింది.

"బాపూ, అందర్ని తీస్కొని బయటికి రా. రూఫ్ మీద గుల్ల పడ్డది."

"ఇగో, ఇప్పుడే కొడితిమి గద. ఖంగుమంటున్నది."

"నీ గడెకు అందదు బాపూ. మస్తు పైకున్నది."

అటువైపు ఎవరో నవ్వడం వినబడింది. ఓదెలు నవ్వలేదు. "గది ఉప్పన్నవ్ గదనే?" అని అడిగాడు.

"ఉప్పు కాదు బాపూ. రా."

ఓదెలు చేతిలో ఒకవైపు ఇరవై ఏళ్ళుగా అబద్ధమాడని ఇనుప గడ ఉంది, ఇంకోవైపు ఏడుస్తున్న కూతురి గొంతు ఉంది. అతను గడను గోడకు ఆనించాడు. "నడువుండ్రి" అని ముఠాతో అనడం ఫోనులో నవనీతకు వినిపించింది. ఎవరో గొణిగారు. "నడువుమంటే నడువుండ్రి" అని అతను ఇంకో మాట కూడా వాడాడు, అది ఇక్కడ రాయదగింది కాదు.

వాళ్ళు పెద్దదారికి చేరుకున్నాక నాలుగో ప్యానెల్ కప్పు కూలింది. బాయి మీద ఉన్నవాళ్ళకు కాళ్ళకింద చిన్న అదురు మాత్రమే తెలిసింది. ల్యాంపురూములో గాజుగ్లాసులు కదిలాయి. కాసేపటికి దుమ్ము కొట్టుకున్న మొహాలతో ఓదెలు ముఠా ఒక్కొక్కరే పైకి వచ్చింది. నవనీత తండ్రిని పట్టుకుని వదల్లేదు. జీవితంలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ ఎరగదు. మేనేజరు టోపీ తీసి, హైమవతి ముందు నిలబడి ఏదో చెప్పబోతున్నాడు.

ఓదెలు తన మనుషుల్ని లెక్కబెట్టుకున్నాడు. అందరూ ఉన్నారు. ఆ రోజు ప్లేటు వంతు కూతురిదని పొద్దున అతను చాయ్‌కు ఆగలేదు. ఇప్పుడు కూతురి భుజం మీదుగా గేటు వైపు చూశాడు.

"పిల్లగాడేడి?" అన్నాడు.

"ఏ పిల్లగాడు?" అంది నవనీత.

ఆ మాట అన్న తర్వాత ఆమెకు గుర్తొచ్చింది.

కప్పు అంత మేర ఒక్కసారిగా కూలితే దాని కింద ఉన్న గాలి దొరికిన దారిన పేలుడులా తోసుకుపోతుంది. పెద్దదారికి అడ్డంగా తలుపులున్నాయి. పంపుగదికి పోయే వాలుదారికి ఏ తలుపూ లేదు. కూలిన కప్పు దాని నోటిని కొంతే మూసింది. రక్షణదళంతో పాటు ఓదెలు కూడా దిగాడు, వద్దన్నా దిగాడు. ఫిరోజ్ గోడ వారగా ముడుచుకుని ఉన్నాడు. ప్లేటును పొట్టకు అదుముకున్నాడు, అది పగల్లేదు. అతని రెండు చెవుల్లోంచీ నెత్తురు కారుతోంది.

ఆసుపత్రిలో మూడో రోజుకు కళ్ళు తెరిచాడు. మంచం పక్కన నవనీతను చూసి మొహం విప్పారింది. మాట్లాడాడు. తన గొంతు తనకు వినబడటం లేదు కాబట్టి, ఎంత పెద్దగా అంటున్నాడో అతనికి తెలియలేదు. వార్డంతా తిరిగి చూసేలా అరిచాడు.

"ఉప్పెట్ల పెంచిందంట మేడమ్?"

నవనీత నోరు తెరిచింది. అతను ఆమె పెదవుల వైపు చూస్తూ, ఏమీ వినబడక, ఇంకాస్త గట్టిగా మళ్ళీ అడిగాడు. ఆమె బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడాది చివర ఒప్పందం ప్రకారం పెట్టె తెరిచారు. హైమవతి వేసిన ఉప్పు పెద్ద గుల్లకు ఎడమ మూల బుద్ధిగా ఉంది, మొదటి రోజు ఎంతో అంతే. ఫిరోజ్ పొట్టకు అదుముకున్న ప్లేటులో కూలడానికి ముందు క్షణం వరకు గీతలున్నాయి. మేనేజరు స్వయంగా సంతకం పెట్టాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ప్లేటు బాయి తర్వాత బాయికి పాకింది. ఎందరు ఓదెలులు దానివల్ల ఇంటికొచ్చి పప్పుచారు జుర్రుకున్నారో లెక్క లేదు. హైమవతి మాత్రం మళ్ళీ ఉప్పు ముట్టలేదు. "ఆ పని నావల్ల కాదు" అని అందరి ముందూ చెప్పి, గాజు పెంచుకోవడానికి వెళ్ళిపోయింది.

ఉప్పు లేకుండా కుదరదు. లేని గుల్లను చూసే కళ్ళు ప్రతి బ్యాచికీ కొత్తగా పుడతాయి. అందుకని ఆ పని ఫిరోజ్‌కు ఇచ్చారు. ఎవరూ మాటల్లో పెట్టి అతని నుంచి రహస్యం లాగలేరని ప్రయోగశాలలో ఒక హాస్యం ఉంది. దానికి ముందుగా నవ్వేది అతనే. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట అర్థం చేసుకోవడం నేర్చుకున్నాడు. పని చేస్తున్నప్పుడు ఇప్పటికీ కూనిరాగం తీస్తాడు. అది ఏ పాటో ఇప్పుడు ఎవరికీ తెలియదు, అతనికి ఎవరూ చెప్పరు.

అతను నవనీతను ఒక్క ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఫోనులో నా పేరెందుకు రాలేదని. ఆమె కూడా చెప్పలేదు. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో పక్కపక్క బల్లల మీద పనిచేస్తారు.

నియమం మాత్రం ఒకటి మారింది. ఇప్పుడు అడగవచ్చు. అడిగితే పూర్తిగా అడగాలి, చెప్పేవాళ్ళు పూర్తిగా చెప్పాలి. అంతకంటే ముందు ఫిరోజ్ ఒకటి అడుగుతాడు.

మొన్న కొత్త బ్యాచి అమ్మాయి ఒకతె వచ్చింది. రెండో ప్యానెల్ మీద మచ్చ ఉంది సార్, మీదేనా అంది. ఫిరోజ్ ఆమె పెదవుల వైపు చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ముందు జెప్పు. దాని కింద ఎవరెవరున్నరు?"

"మొదటి షిఫ్టు ముఠా సార్. సర్దార్. దిమ్మెలోళ్ళు."

"ఇంకా?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "అంతే సార్."

"ఇంకా?"

పక్క బల్ల దగ్గర నవనీత చేతిలో పని ఆగిపోయింది. "ప్లేటు మార్చేటోళ్ళు" అంది అక్కడినుంచే.

ఫిరోజ్‌కు వినబడలేదు. అతను ఇంకా ఆ అమ్మాయి మొహంలోకే చూస్తున్నాడు. "ఇంకా?" అన్నాడు మూడోసారి.

నవనీత లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతనికి ఎదురుగా, తన పెదవులు కనబడేలా నిలబడింది. గట్టిగా అనబోయింది. గొంతుతో అతనికి పనిలేదని గుర్తొచ్చి, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది.

"ప్లేటు. మార్చేటోడు. కింద. ఉన్నడు."

ఫిరోజ్ ఆమె పెదవుల వైపు చాలాసేపు చూశాడు.

"ఆఁ" అన్నాడు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "ముందు వాళ్ళందర్ని పైకి తీయమని ఫోన్ జెయ్యి. ఉప్పో రాయో తర్వాత చూద్దాం" అన్నాడు.